ఎస్‌యూవీ పేరుతో అమ్ముతున్న కారు నిజంగా ఎస్‌యూవీయేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల కొత్త కారు కొనాలనుకునేవాళ్ళు మాటల్లో అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాం. ధరల పట్టికలు, ఆఫర్లు షోరూంలో దొరుకుతాయి. అక్కడ ఎవరూ నోరెత్తని సంగతులకే ఈ పేజీ.

స్టేషన్ వ్యాగన్ అంటే ఎలాంటి కారు?

డిక్కీ విడిగా వెనక్కి పొడుచుకుని ఉండే కారును సెడాన్ అంటారు. దాని పైకప్పును వెనుక బంపర్ దాకా పొడిగించండి. వెనుక సీటుకు, డిక్కీకి మధ్య ఉన్న అడ్డు తీసేయండి. వెనుక వైపు పైకి తెరుచుకునే పెద్ద తలుపు పెట్టండి. అదే స్టేషన్ వ్యాగన్. బ్రిటన్ వాళ్ళు ఎస్టేట్ అంటారు. కారు ఎత్తు పెరగదు, నడక మారదు, సామాను మాత్రం చాలా ఎక్కువ పడుతుంది. వెనుక సీటు మడిస్తే బీరువా తలుపు కూడా పడుకోబెట్టవచ్చు. అమెరికాలో ఒక తరం పిల్లలు ఇలాంటి బండ్లలోనే పెరిగారు. మన దగ్గర మాత్రం చూసినవాళ్ళు తక్కువ. చూసినవాళ్ళలో కూడా 'అంబులెన్సులా ఉందే' అన్నవాళ్ళే ఎక్కువ.

అయితే వ్యాగన్ఆర్ స్టేషన్ వ్యాగనేనా?

కాదు. పొడవు తగ్గించి ఎత్తు పెంచిన హ్యాచ్‌బ్యాక్ అది, అంటే డిక్కీ బయటికి పొడుచుకు రాని చిన్న కారు.

ఎస్‌యూవీకి, క్రాస్ఓవర్‌కు తేడా ఏమిటి?

అడుగున ఉన్న ఎముకల గూడులో ఉంది. బొలేరో, స్కార్పియో, ఫార్చ్యూనర్ లాంటివాటికి కింద లారీకి ఉన్నట్టు రెండు పొడవాటి ఇనుప దూలాల చట్రం ఉంటుంది. బాడీని దాని మీద కూర్చోబెట్టి బిగిస్తారు. గుంతల్లో, రాళ్ళలో మెలికలు తిరిగే దెబ్బను ఆ చట్రం భరిస్తుంది. క్రాస్ఓవర్‌కు వేరే చట్రం ఉండదు, కారుకు ఉన్నట్టే బాడీయే చట్రం. కారు పునాది మీద కొంచెం ఎత్తుగా కట్టిన బండి అన్నమాట. క్రెటా, సెల్టోస్, నెక్సాన్, పంచ్ అన్నీ ఈ కోవలోవే.

ఇది తక్కువ రకం అనుకోవద్దు. తారు రోడ్డు మీద క్రాస్ఓవరే హాయిగా నడుస్తుంది, తక్కువ ఊగుతుంది. పేచీ బండితో కాదు, పేరుతోనే.

వ్యాగన్‌కు ఎస్‌యూవీ వేషం వేయడం ఎక్కడ మొదలైంది?

అమెరికాలో. 1979 చివర్లో అమెరికన్ మోటార్స్ సంస్థ ఈగిల్ అనే కారు తెచ్చింది. మామూలు కారు బాడీని పైకి లేపి నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందేలా చేశారు. అందులో వ్యాగన్ రూపమూ ఉంది. కాలానికి ముందే వచ్చిన బండి అది. అప్పటికి దానికి క్రాస్ఓవర్ అనే పేరు కూడా అతకలేదు.

అసలు కథ 1990లలో సుబారుది. అమెరికాలో ఆ జపాన్ కంపెనీ అమ్మకాలు నీరసంగా ఉన్న రోజులవి. కొత్త ఎస్‌యూవీ తయారు చేసే డబ్బు లేదు, చేతిలో ఉన్నది లెగసీ అనే వ్యాగన్. దానికే రెండు రంగుల పూత, మొరటు బంపర్లు, పెద్ద ఫాగ్ లైట్లు పెట్టి అవుట్‌బ్యాక్ అన్నారు. ఆస్ట్రేలియాలోని మారుమూల లోపలి ప్రాంతాలకు ఉన్న పేరు అది. ప్రకటనల్లోకి ఆస్ట్రేలియా నటుడు పాల్ హోగన్‌ను తెచ్చారు. మొదట్లో అలంకారమే ఎక్కువ, నేల నుంచి ఎత్తు పెంచడం ఆ తర్వాతి మాట. జనం ఎగబడి కొన్నారు. వ్యాగన్ అంటే ముఖం తిప్పుకున్నవాళ్ళే అదే వ్యాగన్‌ను ఎస్‌యూవీ అనుకుని ఇంటికి తీసుకెళ్ళారు.

మూడు దశాబ్దాలకు వేషం ఒంటికి అతుక్కుపోయింది. 2025లో చూపించిన కొత్త తరం అవుట్‌బ్యాక్ నిటారుగా, పెట్టెలా, అచ్చమైన ఎస్‌యూవీ ఆకారంలోనే ఉంది. దానికి పుట్టిల్లయిన లెగసీ సెడాన్ తయారీ ఆగిపోయింది.

ఇది ప్రకటనల మాయేనా, వేరే కారణం కూడా ఉందా?

చట్టం ఉంది. 1975లో చమురు సంక్షోభం తర్వాత అమెరికా ఇంధన పొదుపు చట్టం చేసింది. కంపెనీ అమ్మే బండ్లన్నీ సగటున ఇంత మైలేజీ ఇవ్వాలన్నారు. కార్లకు ఒక లెక్క, చిన్న ట్రక్కులకు మరో లెక్క పెట్టారు. ట్రక్కులంటే రైతులు, చేతిపనివాళ్ళు వాడుకునేవి కదా అని వాటికి సడలింపు ఇచ్చారు. 2004 నాటికి కార్ల సగటు గ్యాలన్‌కు 27.5 మైళ్ళు ఉండాలి, చిన్న ట్రక్కులకు 20.7 చాలు. మన లెక్కలో లీటరుకు సుమారు 11.7 కిలోమీటర్లు ఒకవైపు, 8.8 మరోవైపు.

ఇంత పెద్ద సందు కనిపిస్తే ఏ కంపెనీ ఊరుకుంటుంది? ఎస్‌యూవీలు ట్రక్కుల కింద లెక్క కాబట్టి కారును వీలైనంత ట్రక్కులా చూపించడం లాభసాటి అయింది. క్రైస్లర్ పీటీ క్రూజర్ చూడటానికి పాతకాలపు కారు. వెనుక సీట్లు తీసేస్తే నేల చదునుగా ఉంటుందన్న నియమం అడ్డుపెట్టుకుని చట్టం దృష్టిలో ట్రక్కయింది. 2004లో సుబారు ఇంకో అడుగు వేసింది. 2005 మోడల్ అవుట్‌బ్యాక్‌ను ట్రక్కు కొలతలకు సరిపోయేలా ఎత్తు పెంచింది. వ్యాగన్ సరే, డిక్కీ ఉన్న సెడాన్ రూపం కూడా ట్రక్కే అయిపోయింది!

తర్వాత నియమాలు కొంత బిగించారు. 2011 మోడళ్ళ నుంచి రెండు చక్రాలకే బలం అందే చిన్న ఎస్‌యూవీలను కార్లలో కలిపారు. నాలుగు చక్రాలకూ బలం అందే బండి అయితే నేల నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు, ముందు టైరు నుంచి బంపర్ కింది అంచుకు నేలతో 28 డిగ్రీల కోణం లాంటి ఐదు కొలతల్లో నాలుగు దాటితే నేటికీ ట్రక్కే. ఆ దేశపు క్రాస్ఓవర్ల బంపర్లు కింది భాగంలో ఎందుకు అలా ఏటవాలుగా కోసినట్టు ఉంటాయో ఇప్పుడు అర్థమవుతుంది.

యూరప్ వాళ్ళు కూడా ఇదే పని చేశారా?

చేశారు, కానీ వాళ్ళకు వ్యాగన్ అంటే చిన్నచూపు లేదు. వోల్వో 1997లో వి70 వ్యాగన్‌ను ఎత్తు పెంచి క్రాస్ కంట్రీ అంది, ఆడి 1999లో ఏ6 వ్యాగన్‌తో ఆల్‌రోడ్ చేసింది. వి90 క్రాస్ కంట్రీ 2017లో మన దేశానికి కూడా వచ్చింది. కొన్నవాళ్ళు కొద్దిమందే.

మన దేశంలో వ్యాగన్లు ఎందుకు నిలబడలేదు?

రాలేదని కాదు. టాటా 1992లో ఎస్టేట్ అనే పేరుతోనే ఒక వ్యాగన్ తెచ్చింది. మారుతి బలేనో ఆల్టురా, ఇండిగో మరీనా, ఒపెల్ కోర్సా స్వింగ్, స్కోడా ఆక్టేవియా కోంబి వరుసగా వచ్చి వరుసగా వెళ్ళిపోయాయి. సెడాన్ కొనగల స్థోమత ఉన్న ఇంటికి డిక్కీ బయటికి పొడుచుకుని ఉండటమే హోదా. సామాను మోయడానికి ట్రావెల్స్ బండ్లు ఉండగా మన కారెందుకు మోయాలన్నది ఆనాటి ఆలోచన. పైగా వ్యాగన్ ధర సెడాన్ కంటే ఎక్కువ ఉండేది. నా దృష్టిలో వాటి పాపం ఒకటే, నిజాయతీగా వ్యాగన్ అని చెప్పుకోవడం. ఆ మరీనాకే నల్ల ప్లాస్టిక్ అంచులు, పైన రెండు కమ్మీలు తగిలించి పదేళ్ళు ఆలస్యంగా తెచ్చి ఉంటే కథ వేరేగా ఉండేదేమో.

ఇక్కడ వ్యాగన్లే లేకపోతే ఎస్‌యూవీ వేషం దేనికి వేస్తున్నారు?

హ్యాచ్‌బ్యాక్‌లకు, ఏడు సీట్ల కుటుంబ బండ్లకు.

మొదటి విడతలో పాత హ్యాచ్‌బ్యాక్‌కే అంచులు అతికించారు. 2013లో క్రాస్ పోలో, 2014లో ఇటియోస్ క్రాస్, ఫియట్ అవెంచురా, 2015లో ఐ20 యాక్టివ్ వచ్చాయి. 2017లో హోండా జాజ్ పునాది మీద డబ్ల్యూఆర్-వి వచ్చింది. చాలావాటిని జనం ఇట్టే పట్టేశారు. పక్కనే అసలు కారు తక్కువ ధరకు ఉంటే అతుకుల బండిని ఎవరు కొంటారు?

అందుకే రెండో విడతలో పాత పేరు వదిలేసి, మొదటి నుంచే ఎస్‌యూవీ ముఖంతో గీశారు. ఎస్-ప్రెసో 2019లో, పంచ్ 2021లో, ఎక్స్‌టర్, ఫ్రాంక్స్ 2023లో వచ్చాయి. ఇవి బాగా అమ్ముడయ్యాయి. ఫ్రాంక్స్‌కు, బలేనోకు పునాది ఒకటే. పొడవు తేడా 5 మిల్లీమీటర్లు, ఎత్తు తేడా 50 మిల్లీమీటర్లు. డిక్కీ మాత్రం బలేనోకే పెద్దది, అక్కడ 318 లీటర్లు, ఇక్కడ 308. ఎస్‌యూవీ అంటే ఎక్కువ సామాను పడుతుందనుకునేవాళ్ళు ఈ రెండు అంకెలను ఒకసారి పక్కపక్కన రాసుకుని చూడాలి.

మూడు వరుసల సీట్లున్న బండ్లలో హోండా బీఆర్-వి, మారుతి ఎక్స్ఎల్6 ఇదే దారి. ఎర్టిగాకు నిటారు ముక్కు, నల్ల అంచులు పెట్టి, మధ్య వరుసలో రెండు విడి సీట్లు వేస్తే ఎక్స్ఎల్6. మన రాయలసీమలోని పెనుకొండలో తయారయ్యే కియా కారెన్స్ 2022లో వచ్చినప్పుడు కంపెనీ దాన్ని ఎంపీవీ (ఎక్కువమంది కూర్చునే కుటుంబ బండి) అనలేదు, రిక్రియేషనల్ వెహికల్ అంది. ఏ పేరైనా పెడతారు గానీ, ఇంట్లో ఏడుగురిని మోసే బండి అని మాత్రం అనరు.

జీఎస్టీ లెక్కల్లో ఇది ఎస్‌యూవీయా, కాదా?

ఈ పేజీలో అన్నిటికంటే రుచికరమైన ప్రశ్న ఇదే. అమెరికాలో కంపెనీలు చట్టం ముందుకు వెళ్ళి 'మాది ట్రక్కే' అన్నాయి. మన దగ్గర అది తిరగబడింది. కొనేవాడి ముందు 'ఇది ఎస్‌యూవీ', పన్ను అధికారి ముందు 'అయ్యా, ఇది చిన్న కారు'.

2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు లేదా 1500 సీసీ లోపు డీజిల్ ఇంజను ఉన్న కార్లకు ఎక్సైజు సుంకం తగ్గించారు. అప్పటి నుంచి కంపెనీల చేతిలో టేపు వదలలేదు. 3,995 మిల్లీమీటర్ల బండ్లు ఇన్ని ఎందుకు ఉన్నాయంటే ఇందుకే. 2013 బడ్జెట్ ఎస్‌యూవీల మీద సుంకాన్ని 27 నుంచి 30 శాతానికి పెంచింది. నాలుగు మీటర్లకు మించిన పొడవు, 1500 సీసీకి మించిన ఇంజను, 170 మిల్లీమీటర్లు లేదా అంతకు మించిన గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకు, బండి అడుగుకు మధ్య ఖాళీ) ఉంటే ఎస్‌యూవీ అన్నారు. వెంటనే మహీంద్రా ఎక్స్‌యూవీ500 గ్రౌండ్ క్లియరెన్స్ 160కి దిగివచ్చింది. పేరులో ఎక్స్‌యూవీ అలాగే ఉంది, పన్ను పుస్తకంలో మాత్రం ఎస్‌యూవీ కాదు!

2017లో జీఎస్టీ వచ్చాక ఎస్‌యూవీ మీద సెస్సుతో కలిపి 50 శాతం పడేది. ఇక్కడ క్రెటా సంగతి చూడండి. పొడవు నాలుగు మీటర్లు దాటింది, ఎత్తు ఉంది, కానీ 2020లో వచ్చిన రెండో తరం నుంచి పెట్రోలు ఇంజను 1497 సీసీ. మూడు సీసీల తేడాతో 45 శాతం వర్గంలోకి వెళ్ళింది. దేశంలో ఎస్‌యూవీ అనగానే గుర్తొచ్చే బండి అప్పటి నుంచి పన్ను నిర్వచనంలో ఎస్‌యూవీ కాలేదు. 2022 డిసెంబరులో జీఎస్టీ మండలి ఇచ్చిన వివరణలో 'ఎస్‌యూవీగా జనంలో పేరుండటం' కూడా ఒక షరతు. 2023 జులైలో దాన్ని 'ఏ పేరుతో పిలిచినా సరే' అనే దాకా విస్తరించి, సెడాన్లను వదిలేశారు. గ్రౌండ్ క్లియరెన్స్‌ను ఖాళీ బండికే కొలవాలని కూడా అప్పుడే తేల్చారు.

2025 సెప్టెంబరు 22 నుంచి సెస్సు పోయింది. చిన్న కార్లకు 18 శాతం, మిగతావాటికి 40, విద్యుత్ కార్లకు 5. మీ జేబుకు సంబంధించిన మాట ఇదీ: పొడవు ఒక్కటే చూసి మోసపోవద్దు. బ్రెజా నాలుగు మీటర్ల లోపే, కానీ దాని పెట్రోలు ఇంజను 1462 సీసీ, కాబట్టి 40 శాతం. అంతే పొడవున్న నెక్సాన్ 1199 సీసీ పెట్రోలుతోనూ, 1497 సీసీ డీజిల్‌తోనూ 18లోనే ఉంది.

ఆర్‌సీలో ఎస్‌యూవీ అని రాస్తారా? ఇన్సూరెన్స్ ఎక్కువ పడుతుందా?

ఆర్‌సీలో వాహన తరగతి మోటారు కారే, లైసెన్సు కూడా మామూలు కారుదే చాలు. థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజను సీసీని బట్టి, వెయ్యి లోపు, 1500 లోపు, ఆపైన అని మూడు మెట్లలో ఉంటుంది. లైఫ్ ట్యాక్సు బండి ధరను బట్టి పడుతుంది. ఎస్‌యూవీ అనే మాట ఈ కాగితాల్లో ఎక్కడా పనిచేయదు.

షోరూంలో వేషాన్ని ఎలా గుర్తుపట్టాలి?

రేణిగుంట రోడ్డులో ఏ షోరూంకు వెళ్ళినా బండి ముందు నిలబడకండి, పక్కన వంగి చూడండి. చక్రాల చుట్టూ, తలుపుల కింద ఉన్న నల్లటి ప్లాస్టిక్ అంచు మీద చూపుడు వేలితో తట్టండి. దాని పని రాళ్ళ గీతలు ఆపడం కొంత, కంటిని మోసం చేయడం ఎక్కువ. కింది భాగం నల్లగా ఉంటే కన్ను దాన్ని బాడీలో కలపదు, దాంతో బండి నేల నుంచి బాగా పైకి లేచినట్టు కనిపిస్తుంది. బంపర్ కింద వెండి రంగు పలక ఉంటుంది, దాన్ని స్కిడ్ ప్లేట్ అంటారు. నిజమైనదైతే ఇంజను కింద ఇనుప రేకు అయి ఉండాలి. చాలా బండ్లలో అది వెండి రంగు పూసిన ప్లాస్టిక్. గోటితో గీకనక్కర్లేదు, తడితే చప్పుడే చెబుతుంది.

పైకప్పు కమ్మీలను పట్టుకుని చూడండి. కింద వేలు దూరే సందు లేకుండా అతికించి ఉంటే అవి అలంకారం. సందు ఉన్నా సరే, బండితో ఇచ్చే పుస్తకంలో ఎన్ని కిలోలు మోస్తుందో రాసి ఉందా అని అడగండి. చివరగా బానెట్ మూత. నిటారుగా, బల్లపరుపుగా గీస్తే పెద్ద బండిలా అనిపిస్తుంది. లోపల ఇంజను చుట్టూ ఎంత ఖాళీ ఉందో ఎత్తి చూస్తే నవ్వొస్తుంది.

గ్రౌండ్ క్లియరెన్స్ అంకెను నమ్మవచ్చా?

ఖాళీ బండికి నమ్మవచ్చు. ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండితే అది తగ్గుతుంది, ఎంత తగ్గుతుందన్నది స్ప్రింగుల గట్టిదనాన్ని బట్టి ఉంటుంది. రెండు బండ్ల అంకెల మధ్య 10 మిల్లీమీటర్ల తేడా గురించి నిద్ర పాడుచేసుకోవద్దు.

తిరుమల ఘాట్‌కు ఎస్‌యూవీ ఉండాలంటారు, నిజమేనా?

కాదు. మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. దశాబ్దాల పాటు అంబాసిడర్లు, ఆమ్నీలు, మారుతి 800లు ఆ కొండ ఎక్కాయి. మంచి తారు రోడ్డు అది. ఎక్కడానికి ఇంజను ఊపు కావాలి, దిగడానికి బ్రేకులు, చేతిలో గేరు కావాలి. నేల నుంచి ఎత్తు అక్కడ పైసా పని చేయదు. పైగా దిగే దారిలోని హెయిర్‌పిన్ మలుపుల్లో ఎత్తు బండి పక్కకు ఎక్కువ ఒరుగుతుంది, వెనుక సీట్లో పిల్లలకు వాంతులు. బరువు ఎక్కువైతే బ్రేకులు కూడా ఎక్కువ వేడెక్కుతాయి. ఏ బండి అయినా రెండో గేరులో దిగండి. భాకరాపేట ఘాట్‌కైనా, పలమనేరు దారిలోని మొగిలి ఘాట్‌కైనా ఇదే మాట.

వర్షాల్లో అయినా పనికొస్తుంది కదా?

స్పీడ్ బ్రేకర్ల దగ్గర, గుంతల్లో పనికొస్తుంది. నిలిచిన నీళ్ళలో మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. ఇంజనులోకి గాలి పీల్చే గొట్టం ఎంత ఎత్తులో ఉందన్నదే అక్కడ లెక్క. క్రాస్ఓవర్లలో అది చాలావరకు హ్యాచ్‌బ్యాక్‌లో ఉన్న చోటే ఉంటుంది. నీళ్ళు సిలిండర్‌లోకి వెళితే ఇంజను పట్టేస్తుంది, మామూలు ఇన్సూరెన్స్ ఆ ఖర్చు ఇవ్వదు, దానికి విడిగా ఇంజన్ కవర్ తీసుకోవాలి. థార్‌కు 650 మిల్లీమీటర్ల నీళ్ళ దాకా దిగవచ్చని కంపెనీయే చెబుతుంది. మీరు చూస్తున్న బండికి అలాంటి అంకె బ్రోచర్‌లో లేదంటే చెప్పుకోదగ్గది లేనట్టే. తిరుపతి వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్‌బ్రిడ్జిలో 2021 అక్టోబరులో వాహనం మునిగి ఒక యాత్రికురాలు ప్రాణం కోల్పోయారు. వాన పడుతున్నప్పుడు ఆ దారి మొహం చూడకండి, బండి ఏదైనా.

మాకు మామిడి తోట ఉంది. తోటలోకి వెళ్ళడానికి ఏది మంచిది?

ఇక్కడ ఎత్తు నిజంగా అవసరం. బండి బాటలో రెండు చక్రాల గాడుల మధ్య గడ్డి దిబ్బ పెరిగి ఉంటుంది చూడండి, సెడాన్ పొట్ట దానికే తగులుతుంది. గ్రౌండ్ క్లియరెన్స్ 180 మిల్లీమీటర్లకు పైన ఉన్న ఏ క్రాస్ఓవర్ అయినా ఎండాకాలం తోటలోకి వెళ్ళి వస్తుంది. తొలకరి తర్వాత ఎర్రమట్టి బురదలో మాత్రం ముందు చక్రాలకే బలం అందే బండి తిరుగుతూ అక్కడే ఉంటుంది. మన దగ్గర అమ్ముడయ్యే క్రాస్ఓవర్లలో ఎక్కువ అలాంటివే. గేరు పక్కన మంచు, ఇసుక, బురద బొమ్మలున్న గుండ్రటి మీట చూసి నాలుగు చక్రాలకూ బలం అందే బండి అనుకోవద్దు. చాలావాటిలో అది జారే చక్రానికి బ్రేకు వేసే ఏర్పాటు మాత్రమే. నిజంగా బురదే మీ దారి అయితే జిమ్నీ, థార్, నాలుగు చక్రాలకూ బలం అందే స్కార్పియో-ఎన్ చూడాలి. శ్రీసిటీలో 2016 నుంచి బండ్లు తయారు చేస్తున్న ఇసుజు వారి వి-క్రాస్ పికప్ కూడా అసలు సిసలు చట్రం బండి. మన జిల్లా సరుకే అయినా మన తోటల్లో అరుదుగా కనిపిస్తుంది.

తోతాపురి క్రేట్లు బంగారుపాళెం యార్డుకు కారులో వేయాలన్న ఆశ ఉంటే, డిక్కీ అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో చూసుకోండి. ఎత్తు బండికి అదీ ఎత్తే. మా మామయ్య ఎస్‌యూవీ కొన్నాక కూడా క్రేట్లన్నీ ఆటోలోనే వెళుతున్నాయి, నడుము ఒప్పుకోలేదు.

ఇంట్లో పెద్దవాళ్ళకు మోకాళ్ళ నొప్పులు. ఎత్తు కారు మంచిది కాదా?

మంచిదే, నా దృష్టిలో క్రాస్ఓవర్ కొనడానికి ఇదే అన్నిటికంటే బలమైన కారణం. అయితే చూడాల్సింది గ్రౌండ్ క్లియరెన్స్ కాదు, సీటు ఎత్తు. సీటు మనిషి నడుము ఎత్తుకు దగ్గరగా ఉంటే కిందికి కూలబడక్కర్లేదు, పైకి ఎగబాకక్కర్లేదు. అమ్మమ్మనో తాతయ్యనో షోరూంకు తీసుకెళ్ళి ఎక్కించి దింపి చూడండి. పెద్ద చట్రం బండ్లకు పక్కన మెట్టు ఉన్నా చీర కట్టుకున్నవాళ్ళకు కష్టమే. ఈ పరీక్షలో వ్యాగన్ఆర్ చాలా ఎస్‌యూవీలను ఓడిస్తుంది.

ఎస్‌యూవీ అంటే భద్రత ఎక్కువ కదా?

ఆకారానికి, భద్రతకు సంబంధం లేదు. 2020లో, కార్లను ఢీకొట్టించి భద్రతకు నక్షత్రాలు ఇచ్చే సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఎస్-ప్రెసోకు సున్నా నక్షత్రాలు వచ్చాయి. మరుసటి ఏడాది అదే సంస్థ పరీక్షలో పంచ్‌కు పెద్దల భద్రతలో 5 వచ్చాయి. రెండూ చిన్న ఎస్‌యూవీలమనే చెప్పుకున్నాయి. 2023 అక్టోబరు నుంచి మనకే భారత్ ఎన్‌క్యాప్ ఉంది. మీరు కొనే మోడల్ ఫలితం అడగండి. ఇంకోటి, ఎత్తు పెరిగేకొద్దీ బరువు కేంద్రం పైకి జరుగుతుంది, హఠాత్తుగా స్టీరింగ్ తిప్పితే బోల్తా పడే అవకాశం పెరుగుతుంది.

మైలేజీ తగ్గుతుందా?

నగరంలో తేడా చిన్నది. చెన్నై, బెంగళూరు రహదారుల మీద వేగం పెరిగితే ఎత్తు ముక్కు గాలికి అడ్డం పడుతుంది, అక్కడ తెలుస్తుంది. టైర్లు మార్చే రోజున పెద్ద చక్రాల ధర కూడా తెలుస్తుంది.

ఇంతకీ కంపెనీలు మోసం చేస్తున్నట్టా?

అబద్ధం చెప్పడం లేదు. అమ్మకంలో ఎస్‌యూవీ అనే మాటకు కట్టుబడాల్సిన నిర్వచనమేదీ లేదు, ఎవరైనా వాడుకోవచ్చు. పొడవు, ఇంజను, డిక్కీ, చక్రాలు అన్నీ బ్రోచర్ చివరి పేజీలో చిన్న అక్షరాల్లో నిజాయతీగానే అచ్చువేస్తారు. ముందు పేజీలన్నీ కొండలు, ఇసుక తిన్నెలు, దుమ్ము. మనం చివరి పేజీ దాకా వెళ్ళం. పెళ్ళిచూపుల్లో 'అబ్బాయికి ఎస్‌యూవీ ఉంది' అనిపించుకోవాలన్న మన సరదాను వాళ్ళు బాగా చదివారు, అంతే.

అసలైన వ్యాగన్ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుందా?

అప్పుడప్పుడు. చెన్నై, బెంగళూరు వైపు ఆక్టేవియా కోంబి కనిపిస్తుంది. వెనుక అద్దం, వెనుక లైట్లు, డిక్కీ తలుపు మోసే గ్యాస్ కడ్డీలు సెడాన్‌వి సరిపోవు, కొనేముందు అవి పగలకుండా ఉన్నాయా, తలుపు ఎత్తితే నిలబడుతుందా చూసుకోండి. పొరుగు రాష్ట్రం బండి అయితే అక్కడి ఎన్‌ఓసీ తెచ్చి ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్సు కట్టాలి. 15 ఏళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషన్ పొడిగింపు జరిగిందో లేదో కూడా చూడాలి, లేదంటే ఎంత చవకగా వచ్చినా వద్దనండి.